పెళ్ళిరోజుకి లాంచీ ఎక్కండి

ఏమండోయ్, ఈసారి పెళ్ళిరోజుకి ఎక్కడికి? ఆగండి, నేనే చెప్తాను. గచ్చిబౌలిలో ఏదో రూఫ్‌టాప్ రెస్టారెంటు. టేబుల్ మీద కొవ్వొత్తి. పేరు పలకడం రాని ఏదో పాస్తా. బయటికొస్తే ట్రాఫిక్కు, ఇంటికొచ్చేసరికి పదకొండు. అంతేనా? కాదంటే ఏడాది ముందు నుంచీ మాల్దీవులు, మాల్దీవులు అని కలవరించడం, తీరా ఒకరికి సెలవు దొరికితే ఇంకొకరికి ఆఫీసులో రిలీజు ఉందని మానుకోవడం. మన తెల్లాపూర్‌లో ఏ అపార్ట్‌మెంటు లిఫ్టులో అడిగినా ఇదే కథ.

దీవే కావాలనుకుంటే అంత దూరం ఎందుకండీ? పొద్దున్నే కాఫీ తాగి బయల్దేరి, రాత్రి పెరుగన్నం వేళకి ఇంటికి వచ్చేసే దూరంలో మనకో దీవి ఉంది. చుట్టూ కృష్ణమ్మ, అవతల నల్లమల కొండలు, మధ్యలో పదిహేడు వందల ఏళ్ళనాటి స్తూపాలు. నాగార్జునకొండ!

'ఓస్, అదా? చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసుకెళ్ళారు' అంటున్నారు కదూ. నాకు తెలుసు మీరు అదే అంటారని. స్కూలు వాళ్ళు తీసుకెళ్ళినప్పుడు మీరేం చూశారు చెప్పండి? లైనులో నిలబడమని అరిచే సారునీ, పక్కవాడి టిఫిన్ డబ్బానీ. పెళ్ళైన జంట చూడాల్సినవి అక్కడ వేరే ఉన్నాయి. చెప్తాను, కంగారు పడకండి.

ముందు మీ పెళ్ళి ఏ మాసంలో అయ్యిందో చెప్పండి. మాఘమాసమా? మీరు అదృష్టవంతులు. ఎండ ఉన్నా చురుక్కుమనదు, కొండ మీద ఎంతసేపు తిరిగినా అలుపు రాదు. శ్రావణమాసమా? మీరు ఇంకా అదృష్టవంతులు. ఎగువన వానలు బాగా పడిన ఏడు, శ్రావణం పోయేలోపే నాగార్జునసాగర్ డ్యామ్ నిండుతుంది. నీళ్ళు 590 అడుగులకి చేరుతున్నాయంటే గేట్లెత్తుతారు. మొత్తం 26 గేట్లు. అన్నీ ఎత్తిన రోజున ఆ తెల్లటి నురగ చూడటానికి హైదరాబాదులో సగం అక్కడే ఉంటుంది. ఇక వైశాఖమాసం పెళ్ళివాళ్ళు... తల మీద టోపీ, సంచీలో మజ్జిగ సీసా, దారిలో ముంజలు. ముంజల కోసమైనా వెళ్ళాలి మీరు.

దారి చాలా సులువు. కొల్లూరు దగ్గర ఔటర్ ఎక్కండి. దారిలో కోకాపేట మేడలూ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల బిల్డింగులూ కనిపిస్తాయి. ఆ వేళకి అక్కడికి పోయేవాళ్ళు పోతూ ఉంటారు. మీరు మాత్రం తిన్నగా వెళ్ళిపోతూ ఉంటారు. ఆ సుఖం మాటల్లో చెప్పలేను! బొంగులూరు దగ్గర ఔటర్ దిగితే ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, కొండమల్లేపల్లి, పెద్దవూర, ఆ తర్వాత సాగర్. మన తెల్లాపూర్ నుంచి దాదాపు 180 కిలోమీటర్లు. టిఫిన్ ఇబ్రహీంపట్నంలో కానిచ్చేయండి. మధ్యాహ్నానికి పులిహోర ఇంట్లోనే కలిపి పట్టుకెళ్ళండి. పెళ్ళిరోజున కూడా వంటేనా అని ఆవిడ అడిగితే, కలపాల్సింది ఆయన అని నా తీర్పు. మా ఇంట్లో ఆ రోజు పులిహోర మా ఆయనదే. పోపులో ఇంగువ దండిగా వేస్తారు, కారు మొత్తం ఘుమఘుమ.

సాగర్ చేరాక లాంచీ ఎక్కడ ఎక్కాలంటారా? కుడిగట్టున విజయపురి సౌత్‌లో ఆంధ్రా వాళ్ళ లాంచీ స్టేషన్ ఉంది. ఎడమగట్టున, అంటే మన నల్లగొండ జిల్లా వైపు, తెలంగాణ టూరిజం వాళ్ళ లాంచీలు ఉన్నాయి. దీవి మాత్రం పల్నాడు జిల్లాది. ఏ గట్టున ఎక్కినా కృష్ణ ఒక్కటే. కాకపోతే ఒక సంగతి. జనం సరిపడా వస్తేనే లాంచీ కదులుతుంది. విసుక్కోకండి. గట్టు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కబుర్లు చెప్పుకోండి. తెల్లాపూర్‌లో మీరిద్దరూ ఊరికే ఒకచోట కూర్చుని ఎన్నాళ్ళయ్యిందో ఆలోచించండి. ఆ ఎదురుచూపు కూడా టిక్కెట్టులో భాగమే.

ఆంధ్రా వైపు తిరిగే లాంచీల్లో ఒకదాని పేరు శాంతిసిరి. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. ఎక్కగానే లైఫ్ జాకెట్ ఇస్తారు. చీర మీదకి బాగాలేదని, ఫొటో పాడవుతుందని పక్కన పెట్టకండి. 2019లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఏం జరిగిందో మనమెవరం మర్చిపోలేదు. తాళ్ళు గట్టిగా కట్టుకుని కూర్చోండి. ఆయన తాళ్ళు మీరు, మీ తాళ్ళు ఆయన సరిచూసుకుంటే అదో ముచ్చట.

దీవికి రమారమి గంట ప్రయాణం. ఇంజను దడదడా చప్పుడు చేస్తూ ఉంటుంది, గాలి మొహానికి కొడుతూ ఉంటుంది, డ్యామ్ వెనక్కి వెనక్కి జరిగి సన్నటి గీత అయిపోతుంది. అప్పుడు ఒకసారి నీళ్ళలోకి చూడండి. ఏమీ కనిపించదు, ఆకుపచ్చటి నీళ్ళే. కానీ ఆ కింద ఒక రాజధాని ఉంది. శాతవాహనుల తర్వాత మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి అదే. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడ ఒక పాత స్తంభాన్ని చూసి కబురు పెట్టకపోతే, ఆ సంగతి ఇంకా ఎన్నాళ్ళకు బయటపడేదో! బడిపంతుళ్ళకి ఒకసారి దండం పెట్టుకోవాలి మనం. మరుసటి ఏడు నుంచి లాంగ్‌హర్స్ట్ దొర తవ్వకాలు మొదలుపెట్టాడు. మహాచైత్యం, అంటే మహాస్తూపం గర్భంలో, వెండితో చేసిన బుల్లి స్తూపంలో, బంగారు భరిణె దొరికింది. భరిణెలో చిన్న ఎముక ముక్క.

తర్వాత ఆనకట్ట వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు పునాదిరాయి వేశారు. లోయ మునిగిపోతుందని అప్పటికే తెలుసు. అందుకే 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వారు. దొరికిన శిల్పాల్నీ, ముఖ్యమైన కట్టడాల్నీ నీళ్ళు అందని ఎత్తుకి చేర్చారు. కొన్ని గట్టున ఉన్న అనుపుకి, కొన్ని కొండ మీదకి. ఆ కొండే నీళ్ళు నిండాక దీవి అయ్యింది. 1966లో మ్యూజియం తెరిచారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్ళు వదిలారు. మనం నాలుగు సామాన్లతో ఇల్లు మారితేనే వారం నడుం నొప్పి. వాళ్ళు స్తూపాల్ని మార్చారండీ! లెక్కగా, కొలతలతో, ఇటుకల వరసలు చూసుకుంటూ. నాకైతే డ్యామ్ కంటే ఈ పనే గొప్పగా కనిపిస్తుంది. అనండి మీరేమైనా.

ఇప్పుడు మ్యూజియంలోకి పదండి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పలనాటి సున్నపురాయి. దాని మీద చెక్కిన పొడుగాటి పలకల ముందు ఆగండి. అందరూ బుద్ధుడి కథలూ జాతక కథలూ వరసగా చూసుకుంటూ పోతారు. మీరు కథల్ని కాదు, కథకీ కథకీ నడుమనున్న జాగాని చూడండి. ఒక ఘట్టం అయ్యి ఇంకో ఘట్టం మొదలయ్యే చోట ఒక జంట నిలబడి ఉంటుంది. ఆడా మగా. కథతో వాళ్ళకే సంబంధమూ లేదు. ఒకళ్ళ పక్కన ఒకళ్ళు ఒయ్యారంగా నిలబడ్డారు, అంతే. ఒక జంట ఉన్నట్టు ఇంకో జంట ఉండదు. ఒకచోట దగ్గరగా ఒరిగి ఉంటారు, ఇంకోచోట ఆవిడ మొహం అటు, ఆయన మొహం ఇటు. ఆవిడ మొలనూలు, కాళ్ళ కడియాలు, ఆయన తలపాగా ముడి, అన్నీ అరచెయ్యంత చోటులో. బౌద్ధ స్తూపం మీద, సన్యాసులు రోజూ ప్రదక్షిణం చేసే చోట, ఇన్ని జంటలు! లోకంలో సగం పని జంటలదేనని ఆ శిల్పికి తెలుసు.

నందుడి కథ కూడా ఆ శిల్పాల్లో ఉంది. బుద్ధుడి తమ్ముడు నందుడు, వాడి భార్య సుందరి. అశ్వఘోషుడు సంస్కృతంలో రాశాడు, మన పింగళి, కాటూరి కవులిద్దరూ కలిసి తెలుగులో సౌందరనందం రాశారు. అన్నగారు గుమ్మంలోకి వచ్చి వెళ్ళిపోయారని నందుడు వెంట బయల్దేరతాడు. సుందరి ఏమంటుంది? నా మొహాన దిద్దిన ఈ తడి ఆరేలోపు తిరిగి రావాలి సుమా, అంటుంది. వాడేమో వెళ్ళి సన్యాసుల్లో కలిసిపోయాడు. ఈ కథ మా ఆయనకి చెప్పాను. ఆయనేమన్నారో తెలుసా? 'నువ్వు తయారవడానికి పట్టే టైములో నందుడు వెళ్ళి, సన్యాసం పుచ్చుకుని, మనసు మార్చుకుని తిరిగొచ్చేసేవాడోయ్!' చూశారా మాటలు? నేను మొహం తిప్పుకుని, మొహం తిప్పుకున్న బొమ్మ పక్కనే నిలబడ్డాను. ఆయన ఫొటో తీసుకున్నారు. ఫొటో చాలా బాగా వచ్చింది.

శాంతిసిరి సంగతి చెప్పలేదు కదూ. ఇక్ష్వాకు రాజ్యం నిలబెట్టిన వాసిష్ఠీపుత్ర శాంతమూలుడి తోబుట్టువు ఈవిడ. మహాచైత్యం పూర్తయ్యింది ఈవిడ దానంతోనే, వీరపురుషదత్తుడి పాలన ఆరో ఏట. ఆ వీరపురుషదత్తుడు ఆవిడకి మేనల్లుడు, పైగా అల్లుడు కూడా! తన అల్లుడు చల్లగా ఉండాలని, అతనికి ఆయుష్షూ విజయమూ కలగాలని ఆవిడ శాసనం చెక్కించింది. ఇంకో మేనత్త కూతుళ్ళని కూడా రాజుగారు చేసుకున్నారు, ఆ పేర్లూ శాసనాల్లో ఉన్నాయి. మన మేనరికాలకి రాతి మీద సాక్ష్యం కావాలంటే ఇంతకంటే ఏం కావాలి? అల్లుడి పేరున రాయి చెక్కించిన అత్తగారి పేరు ఇవాళ ఒక లాంచీకి ఉంది. ఆ లాంచీ ఎక్కి పెళ్ళిరోజు చేసుకుంటుంటే ఆవిడ దీవెన మనకీ కొంచెం తగలదూ?

బయట మహాస్తూపం ఉంది, సింహళం నుంచి వచ్చిన భిక్షువుల విహారం ఉంది, స్నానఘట్టం ఉంది. స్నానఘట్టం మెట్ల మీద కాసేపు కూర్చోండి. పాత కోట గోడలు కూడా కొండ మీద కనిపిస్తాయి గానీ అవి చాలా తర్వాతి కాలానివి, వాటి దగ్గర టైము తగలెయ్యకండి. ఎందుకంటే లాంచీ వాళ్ళు ఇచ్చేది గంటే. నా మొర ఒకటే, ఆ గంటని రెండు చేయండి బాబూ! రెండో లాంచీ ఉంటే దాంట్లో తిరిగి రానిస్తారేమో ఎక్కేముందే అడిగి చూడండి. అడగనిదే అమ్మైనా పెట్టదు.

తిరిగొచ్చాక ఆకలేస్తే గట్టున సాగర్ చేపలు. కళ్ళముందే వేయిస్తారు. ముల్లు తీసి ఎదుటి మనిషి ప్లేటులో పెట్టడం పెళ్ళిరోజు మర్యాద. పొద్దు ఉంటే మాచర్ల వైపు ఎత్తిపోతల చూసుకుని రండి, చంద్రవంక అక్కడ డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. సాగర్ దగ్గరే ఉన్న బౌద్ధ పార్కు బుద్ధవనాన్ని మాత్రం ఈ రోజులో ఇరికించకండి. అది పెద్దది, ఇంకో ఆదివారం దానికి ఇవ్వండి.

'ఇంత దూరం మా వల్ల కాదు' అనేవాళ్ళు లుంబినీ పార్కు దగ్గర బోటెక్కి హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి చూసి రావచ్చు. వంతెన మీద నడిచి దీవికి పోవాలనుకుంటే ములుగు దగ్గర లక్నవరం ఉంది. వద్దనను. కానీ జంటగా ఒక రోజే ఉంటే నా ఓటు నాగార్జునకొండకే. ఇంకోచోట ఇంత నీరూ, ఇంత కొండా, ఇంత కథా కలిసి దొరకవు.

వెళ్ళేముందు లాంచీ స్టేషన్‌కి ఫోన్ చేయండి. గాలి ఎక్కువున్నా, నీళ్ళు బాగా తగ్గినా లాంచీలు ఆపేస్తారు. ఇంకో ముఖ్యమైన మాట. శుక్రవారం వెళ్ళకండి, మ్యూజియానికి సెలవు. పెళ్ళిరోజు శుక్రవారం పడిందంటారా? గుడికి శుక్రవారం వెళ్ళండి, లాంచీ శనివారం ఎక్కండి.