ఇంటి కప్పు రాశాను, ఆట రాయలేదు

కళాకారుల గురించి రాస్తూ నేను చేసిన పెద్ద తప్పు, వాళ్ల కళ గురించి రాయకపోవడం. ఒక్కసారి జరిగింది కాదు, చాలా ఏళ్లు అదే చేశాను.

డిచ్‌పల్లిలో ఉండి నిజామాబాద్ జిల్లా కళాకారుల మీద పత్రికలకు వ్యాసాలు రాసేవాణ్ని. చిందు భాగోతం ఆడేవాళ్లు, ఒగ్గు కథ చెప్పేవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు... ఎవరింటికి పోయినా నా ప్రశ్నలు మారేవి కావు. పింఛను వస్తున్నదా? ఇల్లు మంజూరైందా? పిల్లలు ఈ పనిలోకి వస్తున్నారా? వాళ్లు చెప్పింది రాసుకుని, చివర్లో ‘అంతరించిపోతున్న కళను ఆదుకోవాలి’ అని ఒక మాట చేర్చి పంపేవాణ్ని. అచ్చయ్యేది. మంచి పని చేశానని నేనూ అనుకునేవాణ్ని.

బోధన్ వైపు ఒక ఊళ్లో పెద్దవయసు చిందు కళాకారిణి ఉండేది. ఎల్లమ్మ దేవత వేషానికి చుట్టుపక్కల ఊళ్లలో ఆమె పేరే చెప్పేవాళ్లు. నేను మిట్టమధ్యాహ్నం పోయాను. ఫొటో కోసం కిరీటం ఒక్కటి పెట్టుకుని గుమ్మం ముందు నిలబడమన్నాను. ఆమెకు కోపం రాలేదు గానీ ఒప్పుకోలేదు. “కిరీటం ఒక్కటి పెట్టుకుంటె ఎల్లమ్మ ఎట్లయితది సారూ? మొఖానికి అర్దళం లేదు, కాళ్లకు గజ్జెల్లేవు” అంది. నాకు టైమ్ లేదు. వానకు కారే రేకుల కింద మామూలు చీరలో ఆమెను ఫొటో తీసుకుని వచ్చేశాను. వ్యాసమంతా ఆ రేకుల మీదే రాశాను.

అచ్చయిన పత్రిక ఇవ్వడానికి మళ్లీ పోతే మనవడితో చదివించుకుంది. మొత్తం విని, “మా ఇల్లు గురించి మంచిగ రాసినవ్ బిడ్డా. వానొస్తె కారుతదని ఊరందరికి ఎర్కే. నేను ఎల్లమ్మ కడితె ఎట్లుంటదో ఒక్క ముక్క రాయకపోతివి” అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నిజానికి ఆమె ఆట నేను చూడనే లేదు. చూడకుండానే ఆమెను గొప్ప కళాకారిణి అని రాశాను.

ఈ తప్పు నా ఒక్కడిదే కాదు. అమ్దాపూర్ చిందుల ఎల్లమ్మ గురించి మా జిల్లాలో తెలియనివాళ్లు తక్కువ. బోధన్ దగ్గరి ఆ ఊరి నుంచి వచ్చి రాష్ట్రమంతటా పేరు తెచ్చుకున్న చిందు కళాకారిణి. 2005లో కన్నుమూసింది. ఆమె మీద వచ్చిన రాతలు తర్వాత వెతికి చదివాను. పేదరికం, పురస్కారం, ఆదరణ లేకపోవడం, ఇవే ఎక్కువ. గొంతు ఎట్లా ఎత్తేది, మద్దెలకు అడుగు ఎట్లా కలిపేది అని వెతికితే చాలా కొంచెం దొరికింది. నాలాంటివాళ్లం అందరం ఒకే వ్యాసం రాస్తూ వచ్చామని అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాతి ఎండాకాలం, పసుపు తవ్వకాలూ ఉడకబెట్టడాలూ అయిపోయి రైతుల చేతుల్లో నాలుగు పైసలు ఆడే రోజుల్లో, ఆర్మూర్ దగ్గరి ఒక ఊరికి చిందు మేళం వచ్చిందని తెలిసి, ఈసారి నోట్‌బుక్ సంచిలోనే ఉంచి సాయంత్రమే పోయి కూర్చున్నాను. రాతి మీద అర్దళం నూరుతున్నారు. పసుపు పచ్చని ఆ రంగు ముఖానికి పట్టించి, పైన కాటుకతో కనుబొమ్మలు దిద్దుతారు. కిరీటం, భుజకీర్తులు పొణికి చెక్కవి. తేలికైన చెక్క కాబట్టే రాత్రంతా మోస్తూ ఎగరగలుగుతారు. వాటి మీద బేగడ, అద్దం ముక్కలు అతికించి ఉన్నాయి. ఒక అద్దం ముక్క ఊడితే ఒక పిల్ల దాన్ని మళ్లీ అంటిస్తున్నది. పన్నెండేళ్లుంటాయేమో. రాత్రి ఆ పిల్లే చెలికత్తె వేషంలో వచ్చింది. చిందు మేళంలో ఇల్లంతా ఆడుతుంది, ఆడవాళ్లూ వేషం కడతారు. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టిన భాగవత మేళాలున్న నేలలో ఇది చిన్న విషయం కాదు. నా పాత వ్యాసాల్లో ఒక్కదాంట్లోనూ ఇది లేదు.

కిరీటం ఎక్కిన తర్వాత ఎల్లమ్మ వేషం కట్టినామెతో ఎవరూ పరాచికాలాడలేదు. ఊరి ఆడవాళ్లు బిందెలతో వచ్చి కాళ్ల మీద నీళ్లు పోసి మొక్కారు. పగలంతా ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లే. మాదిగలకు ఆశ్రిత కులం చిందువాళ్లు. వాళ్ల జాంబపురాణంలో బ్రాహ్మణుడికి ఎదురు నిలిచి సృష్టి కథ చెప్పి వాదిస్తారు. ఊరి నడుమ, దీపాల వెలుగులో, అందరూ వింటుండగా. ఆ ధైర్యం గురించి రాయాల్సినవాణ్ని, రేకుల గురించి రాశాను.

రేకుల గురించి రాయొద్దని అనను. ఇల్లు కారుతుంటే కారుతున్నదనే రాయాలి, పింఛను రాకపోతే అడగాలి. కానీ అది ఒక పేరాలో చెప్పొచ్చు. 2024లో జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. అది జాలితో ఇచ్చింది కాదు, ఆటకు ఇచ్చింది. మనం రాసేదీ అట్లాగే ఉండాలి.

నేను రేకుల కింద ఫొటో తీసిన అవ్వ ఇప్పుడు లేదు. ఆమె గురించి నా నోట్‌బుక్‌లో రేషన్ కార్డు సంగతి ఉంది, పింఛను ఆగిన నెల ఉంది. ఆమె పాడిన ఒక్క దరువు లేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నదో లేదు. ఆమెకు జీవితమంతా మద్దెల వాయించిన మనిషి పేరు కూడా రాసుకోలేదు. పక్కనే కూర్చుని ఉన్నా ఆయన్ను నేను అడగలేదు. దీన్ని సరిదిద్దే దారి లేదు.

మా డిచ్‌పల్లిలోనే తెలంగాణ యూనివర్సిటీ ఉంది. అక్కడ చదివే పిల్లల్లో చాలామంది ఈ మేళాలు తిరిగే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లకు నా విన్నపం ఒకటే. ఈ ఎండాకాలం మీ ఊరికి మేళం వస్తే వాళ్ల అనుమతి తీసుకుని, రంగు నూరే దగ్గర్నుంచి తెల్లవారి మంగళం పాడేదాకా రికార్డు చేయండి. మద్దెల ఎవరిది, తాళం ఎవరిది, వంత ఎవరిది, అందరి పేర్లూ రాసుకోండి. అవి రాసుకున్నాకే ఇంటి గురించి అడగండి.