రెండో బిల్లు ఎవరిది?

కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. బటన్ నొక్కుతాం. తెర బిగుసుకుపోతుంది. విండోస్ అయితే సుమారు 5 సెకన్లు చూసి, పైన 'నాట్ రెస్పాండింగ్' అని రాసేస్తుంది. ప్రోగ్రాము చచ్చిపోయిందని కాదు. దేనికోసమో ఎదురుచూస్తూ చెవులు మూసుకుందంతే.

టిఫిన్ సెంటర్లో ఒక్కడే సర్వరున్నాడనుకోండి. మన దోసె ఆర్డరు చెప్పి, అది వచ్చేదాకా పెనం దగ్గరే నిలబడితే మిగతా టేబుళ్ల గతేమిటి? తెర మీద బొమ్మ గీయడం, మౌసు మాట వినడం... అన్నీ చేసేది అలాంటి ఒక్కడే. అందుకని ఆర్డరు చెప్పేసి వేరే టేబులు చూసుకుంటూ, పిలిచినప్పుడు వెళ్లే పద్ధతి పెట్టారు. అదే అసింక్రనస్. 2012లో సీ షార్ప్ భాషలోకి 'అసింక్', 'అవెయిట్' అనే మాటలు వచ్చాక ఇలా రాయడం సులువైంది. తప్పు పట్టుకోవడం మాత్రం సులువు కాలేదు. పాతా కొత్తా పద్ధతులు కలిపేస్తే ఇంకో తమాషా. 'దోసె ఇస్తేగానీ కదలను' అని సర్వరు, 'నువ్వు ఖాళీ అయితేగానీ ఇవ్వను' అని మాస్టరు. ఇద్దరూ అలా నిలబడిపోతారు. ఎర్రరు కూడా రాదు!

ఇలాంటివి బాగుచేయడమే నా ఉద్యోగం. ఆమధ్య ఓ రక్తపరీక్షల ల్యాబు వాళ్లు పిలిచారు. అప్పుడప్పుడూ ఒకే పేషెంటుకి రెండు బిల్లులు పడుతున్నాయి. సాయంత్రం లెక్క చూస్తే గల్లాపెట్టెలో డబ్బు తక్కువ. ఆ తక్కువంతా కౌంటర్లో కూర్చునే అమ్మాయి జీతంలో కోస్తున్నారు. "చూసుకుని నొక్కాలి కదమ్మా" అంటారు యజమాని.

నా కంప్యూటర్లో ఎన్నిసార్లు చేసినా ఒక్కటే బిల్లు. ప్రోగ్రామును మధ్యలో ఆపి చూస్తే అసలు తప్పే కనబడదు. ఆపితే ఏది ముందు, ఏది వెనక అన్నది మారిపోతుంది మరి. చివరికి ఉదయం రద్దీ వేళ ఆ అమ్మాయి పక్కనే కుర్చీ వేసుకున్నా. నొక్కింది. ఏమీ కదల్లేదు. ఒకటి, రెండు, మూడు సెకన్లు. ఎదురుగా పరగడుపున వచ్చినవాళ్ల తొందర. మళ్లీ నొక్కింది.

"మొదటిది తగల్లేదేమో అనుకుంటానండీ" అంది.

అదీ సంగతి. తెర బిగుసుకుంటోందని ఎవరో 'అవెయిట్' పెట్టారు. బిగుసుకోవడం మానింది, మంచిదే. కానీ బటన్ మేలుకునే ఉంది. సర్వరు రెండో దోసె ఆర్డరు కూడా వినయంగా తీసుకున్నాడు! నా దగ్గర డేటాబేసు అదే పెట్టెలో ఉంటుంది కాబట్టి రెప్పపాటులో జవాబొచ్చేస్తుంది. రెండోసారి నొక్కే వ్యవధే ఉండదు.

కావాలని మధ్యలో 10 సెకన్ల ఆలస్యం పెట్టి చూశా. మొదటి ప్రయత్నంలోనే రెండు బిల్లులు! ఇక మార్చాల్సింది నాలుగైదు లైన్లే. నొక్కగానే బటన్‌ని నిద్రపుచ్చాలి, 'బిల్లు తయారవుతోంది' అని చూపించాలి, పనైనా చెడినా మళ్లీ లేపాలి. 'చెడినా' అన్నది ముఖ్యం. లేకపోతే నెట్‌వర్క్ తెగిన రోజు ఆ బటన్ ఇక లేవదు.

ఒకే పేరు, ఒకే మొత్తం, కొద్ది సెకన్ల తేడాతో పడ్డ పాత బిల్లులన్నీ ప్రింటు తీసి యజమాని బల్లమీద పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు. కోసిన డబ్బు పై నెల జీతంలో కలిపి ఇచ్చారు.