వెన్న కాచినట్టు కాదు

మా గోదావరి సీమలో "ఒళ్ళు చేశావే!" అన్నది నిన్నమొన్నటి వరకు మెచ్చుకోలు మాట. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలు ఇంటింటా పంచుకునే చోట అది కలిగినింటి లక్షణం. నేడదే పెళ్ళిచూపుల్లో అభ్యంతరమయింది. ఇక "కరెంటుతో కొవ్వు కరిగించబడును" అన్న ప్రకటనలకు కొదవేమిటి? ఆ "కరిగించడం" దగ్గరే నాకు పేచీ. వెన్న కాచి నెయ్యి దించడం చూస్తూ పెరిగినవాళ్ళకు అది మరీ సాధువుగా వినిపిస్తుంది.

జరిగేది వేరు. చర్మానికి చిన్న గాటు పెట్టి సన్నని గొట్టాన్ని కొవ్వులోకి పంపుతారు. దాని కొనకూ, చర్మం పైన కదిలే మరో ఎలక్ట్రోడుకూ నడుమ రేడియో పౌనఃపున్యపు విద్యుత్తు ప్రవహిస్తుంది. అంత వేగంగా దిశ మార్చుకునే విద్యుత్తుకు కండరాలు స్పందించవని ఫ్రాన్సులో దార్సొన్వాల్ 1890ల తొలినాళ్ళలోనే చూపాడు. కనుక షాకు కొట్టదు, వేడి మాత్రం పుడుతుంది. ఆ వేడికి కొవ్వు కణాలు చిట్లుతాయి, చిన్న రక్తనాళాలు మూసుకుపోతాయి, చర్మం కొంత బిగుస్తుంది. 1926లో బోస్టన్‌లో హార్వే కుషింగ్, బోవీ నిర్మించిన యంత్రంతో ఒక రోగి తలలోని కణితిని తీసినపుడు రక్తస్రావాన్ని ఆపినది కూడా ఇటువంటి వేడే. అయితే చిట్లిన కొవ్వు ఆవిరైపోదు. గొట్టంతో పీల్చి బయటకు తీయాలి. వేడి అదుపు తప్పితే చర్మం లోపలినుంచే కాలుతుంది. అన్నిటికీ మించి, ఇది ఆకృతిని దిద్దే శస్త్రచికిత్సే గాని బరువు తగ్గించే వైద్యం కాదు.

"నువ్వు నాకు నచ్చావ్" (2001)తో మనకు పరిచయమైన ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో, 31 ఏళ్ళకే కన్నుమూశారు. కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. మరణానికి అదే కారణమని నేననను. తెరమీద ఆ నవ్వు చూసినవారికి మాత్రం ఆ వార్త మింగుడుపడలేదు.

ఈమధ్య మా అన్నగారి అమ్మాయి రాజమహేంద్రవరంలో అటువంటి ప్రకటన ఒకటి చూసి వచ్చి, "కోతే లేదట బాబాయ్!" అంది. వద్దనడానికి నేనెవరిని? ఒళ్ళు ఆమెది. వైద్యుణ్ణి అడగవలసినవి ఒక కాగితం మీద రాసిచ్చాను: ప్లాస్టిక్ సర్జరీ చదివారా, మత్తు వైద్యుడు పక్కన ఉంటాడా, లోపలి వేడిని ఎలా కొలుస్తారు, ఎన్ని లీటర్లు తీస్తారు. ఐదు లీటర్లు దాటితే ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచి కనిపెట్టుకోవాలని అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సూచన.

"ఐదు లీటర్లే! మన గేదె పూటకి అంత ఇవ్వదు గదా," అని నవ్వింది. కాగితం మాత్రం జాగ్రత్తగా మడిచి పర్సులో పెట్టుకుంది.