ఐదు వందలకు నక్కో అన్నాను

మూడేళ్ల కింద ఒక జుమ్మా రోజు. నమాజ్ అయ్యాక మస్జిద్ బయట చెప్పులు వెతుక్కుంటున్నాను. బెంగళూరు నుంచి మా భాంజీ ఫోన్.

"మామూ, పాంచ్ సౌ రుపయే భేజ్తే క్యా?"

"కైకు బేటీ?"

వాళ్ల కాలేజీలో విద్యార్థుల సంఘం ఉందట. అందులో సభ్యత్వం తీసుకోవాలట. శనివారాలు కూర్చుంటారు, క్యాంపులకు వెళ్తారు, ఏడాదికోసారి పెద్ద సదస్సుకు కూడా పోతారు అని ఉత్సాహంగా చెప్పుకుపోతోంది.

"నక్కో బేటీ. సంఘం గింఘం మనకు నక్కో. పఢాయీ మీద ధ్యాన్ పెట్టు" అన్నాను.

"అచ్ఛా మామూ" అని పెట్టేసింది.

మళ్లీ అడగలేదు. నేనూ మరిచిపోయాను. నిజం చెప్పాలంటే ఐదు వందలు నాకు పెద్ద రకం కాదు. ఇరవై ఏళ్లుగా పేపర్లో పనిచేస్తున్న నాకు సంఘం అనే మాట వింటే జెండా, చందా, తగువు, రెండుగా చీలిపోవడం, ఇవే గుర్తొస్తాయి. పైగా ఆడపిల్ల. క్యాంపులంటూ ఊర్లు తిరిగితే రిష్తేదార్లు ఏమంటారో అన్న ఫికర్ మా ఆపాకూ, దూల్హాభాయికీ ఉంది. వాళ్ల ఫికర్‌ని నా మాటల్లో పెట్టి ఆ పిల్లకు చెప్పేశాను, అంతే.

ఇంతకీ మా భాంజీ ఏం చదువుతోందో మా సోమందేపల్లెలో చాలామందికి ఇప్పటికీ తెలీదు. కొందరు డాక్టరీ అంటారు, కొందరు నర్సింగ్ అంటారు. ఆ చదువు పేరు బీఏఎస్ఎల్‌పీ. వినికిడిని పరీక్షించడం, వినికిడి యంత్రం సరిగ్గా అమర్చడం, మాట రాని పిల్లలకు మాట నేర్పడం, నత్తికి థెరపీ ఇవ్వడం, పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దవాళ్లకు మళ్లీ మాట తెప్పించడం, ఇవన్నీ అందులోవే. మొత్తం నాలుగేళ్లు. ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ తర్వాత రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేసుకోవాలి. 1992 చట్టం ప్రకారం ఆ నమోదు లేకుండా ఈ పని చేయకూడదు.

ఆ పిల్ల ఈ చదువు ఎందుకు ఎంచుకుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా ఖాలా కొడుకు ఉన్నాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. పుట్టినప్పటి నుంచి వినపడదు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు ఖాయంగా తెలిసేసరికి వాడికి ఐదో ఏడు. అంతవరకు "మగపిల్లలకు మాట లేటుగా వస్తుంది" అని ఒక డాక్టరు అన్నాడు, "మామూలే" అని అందరూ అన్నారు. ఖాలా వాణ్ణి ఎత్తుకుని పెనుకొండ బాబయ్య దర్గాకు ఎన్ని జుమ్మేరాత్‌లు నడిచిందో లెక్క లేదు. దువా చేయడం తప్పు కాదు. దువాతో పాటు ఏ పరీక్షకు ఎక్కడికి తీసుకెళ్లాలో చెప్పే మనిషి ఒక్కరు కూడా దొరకలేదు, మా ఇంటి దుఃఖం అదీ. ఇప్పుడు వాడు హైవే పక్క పంక్చర్ షాపులో పనిచేస్తాడు. టైరు మీద చెయ్యి పెడితే చాలు, గాలి ఎక్కడ పోతోందో పట్టేస్తాడు. ఊర్లో అందరూ వాణ్ణి గూంగా అంటారు. మా భాంజీ మాత్రం చిన్నప్పటి నుంచి ఛోటే మామూ అనే అంటుంది. వాడి సైగలు మా అందరికంటే బాగా అర్థమయ్యేది దానికే.

రెండో ఏడాది రంజాన్‌కు ఇంటికొచ్చింది. మనిషి చిక్కిపోయింది. ఇఫ్తార్ అయ్యాక మిద్దె మీద కూర్చున్నప్పుడు అసలు సంగతి చెప్పింది. మొదటి ఏడాది ఆఖర్లో చదువు మానేసి వచ్చేద్దామనుకుందట.

క్లినిక్‌లో పోస్టింగ్ మొదలైన కొత్తలో ఒక సాయిబుల పిల్లాణ్ణి తీసుకొచ్చారు. నాలుగేళ్లవాడు. బొమ్మలు చూపించి పేర్లు అడుగుతున్నారు, కన్నడలో. వాడు కొన్నిటికి నోరు విప్పలేదు, కొన్నిటికి దఖ్నీలో చెప్పాడు. కలం బొమ్మ చూసి "ఖలమ్" అన్నాడు. కాగితం మీద తప్పు అని పడింది. మా పిల్లకు తెలుసు, అది తప్పు కాదని. మన దఖ్నీలో ఖాఫ్ పలకం, ఖే పలుకుతాం. నేను ఉర్దూ మీడియంలో చదువుకున్నప్పుడు ఆ ఒక్క హర్ఫ్ కోసం మా ఉస్తాద్ చేతిలో ఎన్ని దెబ్బలు తిన్నానో! ఇంటి జబాన్‌లో ఉన్న తేడా వేరు, మాటలో ఉన్న లోపం వేరు. ఆ తేడా పట్టుకోకపోతే బాగున్న పిల్లాడికి జబ్బు అంటగడతాం, లేదా నిజంగా జబ్బున్న పిల్లాణ్ణి "వీళ్ల భాషే అంత" అని వదిలేస్తాం.

ఇదంతా ఆ పిల్లకు లోపల తెలుసు. నోరు పెగల్లేదు. మొదటి ఏడాది పిల్ల, బురఖా పిల్ల, ఆంధ్ర పల్లె నుంచి వచ్చిన పిల్ల, పెద్దవాళ్ల ముందు ఎలా చెప్తుంది? ఎవరితో చెప్పుకోవాలో తెలీక హాస్టల్ బాత్‌రూమ్‌లో ఏడ్చిందట.

"అప్పుడు ఒక సీనియర్ అక్క పిలిచింది మామూ. శనివారం మీటింగ్‌కు రా అంది. సభ్యత్వం లేదక్కా అన్నాను. తనే కట్టేసింది."

నా ఐదు వందలు వేరే వాళ్ల బిడ్డ కట్టింది. ఆ రాత్రి తరావీహ్‌లో నా మనసు నిలవలేదు.

ఆ శనివారం ఏం జరిగిందో కూడా చెప్పింది. పదిహేను మంది నేల మీద గుండ్రంగా కూర్చున్నారట. ఆ వారం క్లినిక్‌లో ఎవరికి ఏది అర్థం కాలేదో, ఎవరికి ఎక్కడ భయమేసిందో ఒక్కొక్కరే చెప్పాలి. రోగి పేరు మాత్రం ఎత్తకూడదు, అది అక్కడి ఖాయిదా. దీని వంతు వచ్చినప్పుడు ఖలమ్ సంగతి చెప్పింది. ఒక్కరు కూడా నవ్వలేదు. "ఇది మేడమ్‌కు చెప్పాల్సిన మాట, రేపు నీతో పాటు మేమిద్దరం వస్తాం" అన్నారు. వెళ్లారు. ఆ మేడమ్ శ్రద్ధగా విని, "అయితే దఖ్నీలో బొమ్మల పేర్లు మీరే సేకరించండి" అని పని అప్పజెప్పారట. ఇప్పుడు వాళ్ల దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. మన ఇళ్లలో పిల్లలు అనే మాటలు, పలికే తీరు అందులో రాసుకుంటున్నారు. అది ఇంకా పరీక్ష కాదు, పరీక్షగా తయారు కావాలంటే చాలా మెహనత్ ఉంది అని ఆ పిల్లే చెప్పింది. అయినా ఒకటి మొదలైంది కదా.

అప్పుడు నాకు నా సంగతే గుర్తొచ్చింది. ఉర్దూ మీడియం నుంచి వచ్చి తెలుగు డిగ్రీలో చేరినవాణ్ణి. నీళ్లు అనబోతే నీల్లు అని వచ్చేది. క్లాసు మొత్తం నవ్వేది. నాకు ళ నేర్పింది పుస్తకం కాదు. సాయంత్రాలు చెట్టు కింద కూర్చుని కవితలు పైకి చదివే నలుగురు క్లాస్‌మేట్లు. దానికి మేము సాహితీ సంఘం అని పేరు కూడా పెట్టుకున్నాం. ఆ సంఘమే లేకపోతే నేను తెలుగులో ఒక్క వార్త కూడా రాసి ఉండను. అలాంటివాణ్ణి మా పిల్లకు సంఘం నక్కో అన్నాను.

ఆ తర్వాత పేపర్ వాడి ఆదత్ కొద్దీ ఈ సంగతులు కొంచెం తవ్వాను. మనకు దగ్గర్లోనే మైసూరులో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఉంది. 1966 నుంచి నడుస్తోంది. అక్కడి విద్యార్థుల సంఘం పేరు జిమ్‌ఖానా. వాళ్లు జరుపుకునే పండగ పేరేంటో తెలుసా? ఆవాజ్! దేశం మొత్తం మీద ఈ వృత్తిలో ఉన్నవాళ్ల సంఘం ఇండియన్ స్పీచ్ అండ్ హియరింగ్ అసోసియేషన్, 1967లో పుట్టింది. ఇషా అంటారు. మన ఇషా నమాజ్ లాగే వినపడుతుంది. ప్రతి ఏడాదీ దాని సదస్సు జరుగుతుంది, చదువుకునే పిల్లలు కూడా వెళ్లి తాము చేసిన పని చూపించుకుంటారు. అమెరికాలో అయితే ఈ చదువు చదివే విద్యార్థుల కోసమే 1972 నుంచి ఒక జాతీయ సంఘం ఉంది. బొంబాయి బాంద్రాలో 1983లో పెట్టిన జాతీయ సంస్థకు మన హైదరాబాద్ మనిషి, ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. మన పిల్లలకు ఈ దారి మరీ పరాయిదేం కాదు.

సంఘంలో చేరితే ఏమొస్తుంది అని మా దూల్హాభాయ్ అడిగాడు. తన లెక్క తనది. భాంజీ వేళ్లు ముడుస్తూ జవాబిచ్చింది. చెవి లోపలి నిర్మాణం, శబ్దశాస్త్రం, భాషాశాస్త్రం ఒక్కసారిగా మీద పడినప్పుడు సీనియర్ల నోట్సు, వాళ్ల తజుర్బా దొరికాయి. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఎప్పుడో, ఏ స్కాలర్‌షిప్ ఆఖరి తేదీ ఎప్పుడో ముందే తెలిసింది. కౌన్సిల్ నమోదుకు ఏ కాగితాలు కావాలో తెలిసింది. సదస్సులో వేరే రాష్ట్రాల పిల్లలు, పెద్ద పెద్ద ప్రొఫెసర్లు పరిచయమయ్యారు. పదిమంది ముందు నిలబడి మాట్లాడే హిమ్మత్ వచ్చింది.

ఆఖరి వేలు ముడుస్తూ ఇంకో మాట చెప్పింది. "బిడ్డకు వినపడదు అని తల్లికి ఎలా చెప్పాలో అక్కడే నేర్చుకున్నా అబ్బా." ఒకరు తల్లిగా, ఒకరు థెరపిస్టుగా కూర్చుని సాధన చేస్తారట. దగ్గరి రిష్తేదార్ల మధ్య నికాహ్ అయితే పుట్టే పిల్లలకు ఈ లోపం వచ్చే అవకాశం పెరుగుతుంది. మన ఇళ్లలో ఖాలాజాద్, మామూజాద్ రిష్తాలు, హిందువుల ఇళ్లలో మేనరికాలు. అది ఎవరి గునాహ్ కాదు. కానీ ఆ మాట మొరటుగా అంటే తల్లి మళ్లీ క్లినిక్ గడప తొక్కదు. మెత్తగా అంటే రెండో బిడ్డనైనా పుట్టగానే పరీక్షకు తెస్తుంది. ఇది విని మా ఖాలా కళ్లు తుడుచుకుంది. ఖాలా, ఖాలూ కూడా చచేరే భాయీబహన్‌లే.

మూసా అలైహిస్సలాం దువా మనందరికీ తెలుసు. నా నాలుక ముడి విప్పు అని అడిగారు. మనం అక్కడే ఆగిపోతాం. ఆ వెంటనే ఇంకోటి అడిగారు, నా అన్న హారూన్‌ను నాకు తోడివ్వు అని. పైగంబర్ అంతటివారే మాట పని ఒంటరిగా చేయలేనని తోడు అడిగారు. పద్దెనిమిదేళ్ల ఆడపిల్ల అడిగితే నేను నక్కో అన్నాను.

పోయిన ఏడాది వాళ్ల సంఘం పిల్లలు ఎనిమిది మంది మా ఊరొచ్చారు. అర్హత ఉన్న ఆడియాలజిస్టు ఒకరు వెంట ఉన్నారు. ఆమె లేకుండా చదువుకునే పిల్లలు సొంతంగా ఎవరికీ పరీక్ష చేసి ఫలానా లోపం అని చెప్పకూడదు, ఆ జాగ్రత్త వాళ్లకుంది. ఒక బడిలో రెండు గదులు అడిగి తీసుకున్నాం. జుమ్మా బయాన్ తర్వాత ఇమామ్ సాబ్ ఎలాన్ చేశారు. హిందువుల ఇళ్ల నుంచి, మన ఇళ్ల నుంచి చాలామంది వచ్చారు. వేరుశనగ పంట పోయి బెంగళూరు వలస వెళ్లినవాళ్ల ముసలి తల్లిదండ్రులు వచ్చారు. హిందూపురం వైపు పవర్‌లూమ్‌ల మోతలో ఏళ్లు గడిపి చెవులు మొద్దుబారినవాళ్లు వచ్చారు. కుర్చీలు మోసింది, జనాన్ని వరుసలో నిలబెట్టింది ఎవరో కాదు, మా తమ్ముడే. షాపు బంద్ పెట్టుకుని వచ్చాడు.

ఏడాదిన్నర పాపను ఎత్తుకుని ఒక తల్లి వచ్చింది. వెనక గిన్నె మోగించినా పాప తిరగలేదు. తల్లికి తెలుగు అంతంత మాత్రం. మా భాంజీ పక్కన కూర్చుని దఖ్నీలో చెప్పింది. బిడ్డ నిద్రపోతుంటే చేసే బెరా పరీక్ష ఒకటుంది, నొప్పి ఉండదు, ఆలస్యం చేయకూడదు అని. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు కావాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. ఈ పాప విషయంలో ఆ లెక్క అప్పటికే దాటిపోయింది. అయినా ఐదేళ్లు కాలేదు కదా.

క్యాంపు పెట్టి, ఫోటో దిగి వెళ్లిపోయేవాళ్లను నా నౌకరీలో చాలామందిని చూశాను. లోపం ఉందేమో అని చెప్పి వదిలేయడం జుల్మ్. ఈ పిల్లలు ఒక్కో కుటుంబాన్ని ఒక్కొక్కరు జిమ్మేదారీ తీసుకున్నారు. పరీక్ష అయ్యేదాకా వారం వారం ఫోన్. ఒక్కరే అయితే ఇన్ని ఇళ్లకు ఫోన్లు చేయలేరు. ఆ పాపకు బెరా అయింది, యంత్రాలు పెట్టారు, థెరపీ నడుస్తోంది. మాటలు ఎంతవరకు వస్తాయో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు.

ఆ సాయంత్రం మా తమ్ముడు కూడా కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టించుకున్నాడు. ఎంత పెంచినా వాడి వేలు లేవలేదు. నవ్వుతూ తీసి భాంజీ చేతికిచ్చాడు. తర్వాత ఆ తల్లి ఒళ్లో ఉన్న పాప వైపు చూపించి, నాకు ఏదో సైగ చేశాడు. నాకు అర్థం కాలేదు. భాంజీని అడిగాను.

"దీన్ని తొందరగా తెచ్చారు అంటున్నాడు మామూ."

సంఘంలో తగువులు ఉండవా అంటే ఉంటాయి. మీటింగుల్లో మునిగి చదువు పాడు చేసుకునేవాళ్లూ ఉంటారు. చదువు ముందు, సంఘం తర్వాత. కానీ మన మస్జిద్, మన షాదీఖానా, మన ఖబ్రస్తాన్ నడవాలంటే అంజుమన్ కావాలని ఒప్పుకునే మనం, మన పిల్లల చదువుకూ ఒక అంజుమన్ కావాలంటే ఎందుకు భయపడతాం? మీ ఇంట్లో ఈ చదువులో చేరిన పిల్లలుంటే ఫీజుతో పాటు ఆ సభ్యత్వం డబ్బులు కూడా లెక్కలో పెట్టండి. శనివారం మీటింగ్‌లో ఏం మాట్లాడుకున్నారో అడగండి.

మొన్న జూన్‌లో కొత్త బ్యాచ్ రాగానే నేనే ఫోన్ చేశాను. "ఎవరైనా కట్టలేని పిల్ల ఉందా బేటీ?"

"ఇద్దరున్నారు మామూ" అంది.