రెండో ఫోటో

‘‘అన్నా, మా ఆయన ఫోటో మీ దగ్గర ఉంటదా?’’

2007 వానాకాలంలో ఓ సాయంత్రం, బీరంగూడలోని మా స్టూడియో మెట్లెక్కి ఒకామె అడిగిన మాటిది. పక్కన ఐదేళ్ల పిల్లాడు. భర్త పటాన్‌చెరులో ఓ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడు. డ్యూటీకి వెళ్తుంటే హైవే మీద లారీ గుద్దింది. జేబులోని ఐడీ కార్డు నలిగి, తడిసి, మొహం ఆనవాలు లేకుండా పోయింది. దశదినకర్మకు గోడకు పెట్టడానికి ఫోటో కావాలి. ‘‘పోయినేడు ఈడనే దిగిండన్నా’’ అంది.

దిగే ఉంటాడు. అప్పట్లో నా దుకాణం నడిచిందే అలాంటి ఫోటోలతో. 1996లో స్టూడియో తెరిచాను. కంపెనీ ఐడీ కార్డుకు ఒకరు, ఈఎస్‌ఐ కార్డుకు భార్యాపిల్లలతో ఒకరు, రేషన్‌ కార్డుకు ఇంకొకరు. నైట్‌ షిఫ్టు దిగి ఎర్రబడ్డ కళ్లతో వచ్చేవాళ్లు. వాళ్ల కోసం ఓ అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా, మేకుకు వేలాడే నల్లకోటు ఉండేవి. కోటు వదులైతే వీపు వెనక బట్టల క్లిప్పులు పెట్టేవాణ్ని. రీల్లో 36 ఫోటోలూ పూర్తయితేగానీ ల్యాబుకు పంపేవాణ్ని కాదు కాబట్టి ‘రేపు రండి’ అన్నది నా ఊతపదం. కానీ ప్రతి నెగటివ్‌నూ బటర్‌ పేపర్లో చుట్టి, తేదీ వేసి, బిస్కెట్‌ డబ్బాల్లో దాచేవాణ్ని.

2005లో డిజిటల్‌ కెమెరా కొన్నాను. రీలు ఖర్చు తప్పింది. పది నిమిషాల్లో ఫోటో చేతికిచ్చేవాణ్ని. కంప్యూటర్‌ నిండిపోతోందని నెలకోసారి పాస్‌పోర్టు సైజు ఫోటోలన్నీ చెరిపేసేవాణ్ని. పెళ్లి ఫోటోలు మాత్రం సీడీల్లో భద్రం. పెద్ద బేరాలు కదా!

ఆమె భర్త ఫోటో అలా పోయింది. రెండేళ్లు ముందు దిగి ఉంటే డబ్బాలో దొరికేది.

రేషన్‌ కార్డు తెచ్చింది. అందులో గోరంత మొహం, దాని మీద సగం వరకూ ప్రభుత్వ ముద్ర. స్కాన్‌ చేసి, ముద్ర తుడిచి, రాత్రంతా కూర్చుని పెద్దది చేశాను. మర్నాడు చేతిలో పెడితే చాలాసేపు చూసింది. ‘‘మా ఆయన లెక్క లేడన్నా’’ అని మెల్లగా అంది. డబ్బులొద్దన్నా వినకుండా యాభై రూపాయలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ వారమే కొత్త హార్డ్‌డిస్క్‌ కొన్నాను. రిజిస్టరు పెట్టాను. పేరు, తేదీ, నంబరు. ఫోటో కవరు మీదా అదే నంబరు. ఒక కాపీ దుకాణంలో, ఇంకోటి ఇంట్లో. మన సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్‌ నూట ముప్ఫై ఏళ్ల కిందటే నెగటివ్‌లకు నంబర్లు వేసేవారు. ఆయన గాజుపలకలు రెండు వేలకు పైగా ఇప్పటికీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆయన దాచినవాటిలో నిజాములు, దొరలు ఉన్నారు. నా రిజిస్టరులో షిఫ్టు కార్మికులున్నారు. అంతే తేడా.

ఇంకో అలవాటూ చేసుకున్నాను. కార్డు ఫోటో అయ్యాక, ‘‘కూర్చోండి, ఇంకొకటి తీస్తా. ఇది మీ ఇంటికి’’ అంటాను. మొహం కడుక్కోమని, టీ తెప్పిస్తాను. ‘నవ్వండి’ అంటే ఎవరూ సరిగ్గా నవ్వరు. ‘‘ఊరికెప్పుడు పోతున్నారు?’’ అని అడుగుతాను. జహీరాబాద్‌ వాళ్లయినా, బిహార్‌ వాళ్లయినా ఆ ప్రశ్నకు మొహం విప్పారుతుంది. అప్పుడు నొక్కుతాను. కొనమని బలవంతం లేదు.

2010 తర్వాత ఆధార్‌ కేంద్రాల్లో, పాస్‌పోర్టు సేవా కేంద్రాల్లో వాళ్లే ఫోటో తీసుకోవడం మొదలైంది. తర్వాత అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చాయి. చుట్టుపక్కల స్టూడియోలు కొన్ని జిరాక్సు సెంటర్లయ్యాయి. నన్ను నిలబెట్టింది ఆ రెండో ఫోటోనే. ఒక్కడే వచ్చి దిగినవాడు పెళ్లాయ్యాక జంటగా వచ్చాడు, తర్వాత పాపతో వచ్చాడు. కొత్త అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లూ ‘అమ్మానాన్నలకు ఓ మంచి ఫోటో’ అంటూ వస్తున్నారు. ఇద్దరు కుర్రాళ్లకు జీతాలిస్తున్నాను.

ఫోటోగ్రఫీ నేర్చుకుంటామని వచ్చే పిల్లలు ఏ లెన్సు కొనాలని అడుగుతారు. చెబుతాను. తర్వాత ఆ రిజిస్టరు చేతికిస్తాను. మొదటి పేజీలో నంబరు ఒకటి ఎదురుగా పేరు ఉండదు, ఫోటో ఉండదు. అది ఆయన చోటు.