బంగారు తోరణం కనపడిందా అబ్బా?

బెంగళూరు ఆఫీసులో మా టీంలోకి ఎవరు కొత్తగా వచ్చినా మొదటి ప్రశ్న ఒకటే. "మీదే ఊరు?" "కడప జిల్లా, పులివెందుల పక్కన వేముల." అంతే, "అమ్మో! మీ ఊళ్లో సుమోలు గాల్లోకి లేస్తాయా బ్రో?" అని నవ్వులు. నేనూ నవ్వేవాణ్ని. నిజం చెప్పొద్దూ, ఆ జోక్‌ని కొంచెం వాడుకున్నా కూడా. మీటింగ్ రూమ్ కోసం నాతో ఎవరూ గొడవ పెట్టుకునేవాళ్లు కాదు.

ఒకరోజు ఒక జూనియర్ అమ్మాయి మాత్రం సీరియస్‌గా అడిగింది. "సినిమాలు వదిలేయండి. మీ దగ్గర చూడాల్సినవి ఏమున్నాయి?"

"గండికోట" అన్నా.

"అది రీల్స్‌లో చూశా. ఇంకా?"

ఇంకా ఏమీ గుర్తుకు రాలేదు. పద్దెనిమిదేళ్లు పెరిగిన చోటు గురించి ఒక్క మాట చెప్పగానే నా దగ్గర డేటా అయిపోయింది. ఆ రోజు చాలా సిగ్గేసింది.

పోయిన శ్రావణంలో ఊరికెళ్లా. మా వైపు తాతను అబ్బ అంటాం. మా అబ్బకు అంతకు మూడు నెలల ముందే గుండెకు స్టెంట్ వేశారు. నన్ను చూడగానే, "శనివారం గండికి తీస్కపోరా" అన్నాడు. శ్రావణ శనివారాల్లో గండి ఆంజనేయస్వామి దగ్గర జనం ఎట్లా ఉంటారో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. అమ్మ ససేమిరా వద్దంది. "ఇంట్లో కూసుంటే మాత్రం సావు రాదా?" అన్నాడు అబ్బ. కారు తీశా.

ఊరు దాటగానే మొదలుపెట్టాడు. "అదో, ఆ గుంతలు సూడు. ముగ్గురాయి తవ్విన గుంతలు. వయసులో నేను అందులోనే పని చేసినా." చిన్నప్పటి నుంచి చూస్తున్న గుంతలే. అందులో మా అబ్బ చెమట ఉందని అప్పటిదాకా తెలీదు. ఆ ముగ్గురాయినే బెరైటీస్ అంటారు. చాలా బరువైన రాయి. చమురు బావులు తవ్వేటప్పుడు దాని పొడి కలిపిన బురదను లోపలికి పంపిస్తారు, లోపలి ఒత్తిడికి చమురు, గ్యాస్ ఎగజిమ్మకుండా. మా మండలంలోని తుమ్మలపల్లెలో యురేనియం గనికి 2007లో శంకుస్థాపన జరిగింది. ఇప్పుడు వేముల అంటే నెట్‌లో ముందు కనిపించేది అదే. అబ్బ దృష్టిలో మాత్రం వేముల అంటే ముగ్గురాయి, మోపూరు భైరవుడు. ఆ గుడిలో విజయనగర కాలం నాటి శాసనాలు ఉన్నాయి. ఇంటి పక్కనే ఉన్నా నేను ఎప్పుడూ చదివే ప్రయత్నం చేయలేదు.

వేంపల్లె దాటి గండి చేరాం. పాపాఘ్ని నది కొండను రెండుగా చీల్చుకుని పోయే చోటు అది. దర్శనం అయ్యాక ఏటి ఒడ్డున కూర్చోబెట్టా. అప్పుడు చెప్పాడు అసలు కథ.

లంక నుంచి తిరిగొస్తున్న రాముడికి స్వాగతం పలకడానికి వాయుదేవుడు ఈ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడట. రాముడు ఇక్కడ ఆగి, బాణం మొనతో బండ మీద ఆంజనేయుడి బొమ్మ గీశాడట. చిటికెన వేలు మాత్రం మిగిలిపోయిందట. ఆ తోరణం ఇప్పటికీ ఉంది, కాకపోతే అందరికీ కనపడదు. కనపడిందంటే ఆ మనిషికి మోక్షం దగ్గర పడినట్టే.

"మన్రో దొరకు కనపడిందంట. తర్వాత ఎక్కువ రోజులు బతకల్యా."

ఇది గాలి కబురేమో అనుకున్నా. ఫోన్లో వెతికితే, పాత కడప గెజెటీర్‌లోనూ ఈ కథ ఉంది. 1800లో నిజాం మన జిల్లాలను కంపెనీకి ఇచ్చేశాక, 1807 వరకు ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టర్‌గా ఉన్నవాడు థామస్ మన్రో. తర్వాత మద్రాసు గవర్నర్ అయ్యాడు. 1827 జూలై 6న, పర్యటనలో ఉండగా పత్తికొండలో కలరాతో చనిపోయాడు. తోరణం సంగతి నమ్మకం, కలరా మాత్రం చరిత్ర.

నేను ఇలాంటివి నమ్మను. అయినా అబ్బ తల పైకెత్తి కొండల మధ్యకు చూస్తుంటే నా చేతులు చల్లబడ్డాయి. "అబ్బా, పైకి చూడొద్దు, తల తిరుగుతుంది" అన్నా. వినలేదు. చాలాసేపు చూశాడు.

"కనపడిందా?" అడిగా. గొంతు నాదిలా లేదు.

"యాడ కనపడ్తాదిరా? దొరకంటే రెండు కండ్లూ బాగుండె. నాకు ఒక కంట్లో శుక్లం" అని పకపకా నవ్వాడు.

ఆ రాత్రి నుంచి ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి అబ్బ పక్కన కూర్చోవడం మొదలుపెట్టా. సెలవు అయిపోయేలోపు ఒక్కణ్నే ఎర్రగుంట్ల పక్కన కలమళ్లకూ వెళ్లొచ్చా. పక్కనే థర్మల్ ప్లాంట్ పొగగొట్టాలు. ఊళ్లో చెన్నకేశవ, సిద్ధేశ్వర స్వాముల గుడి ఆవరణలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం. క్రీ.శ. 575 నాటిదని చెప్తారు. మనకు దొరికినవాటిలో తెలుగులో రాసిన మొదటి శాసనం అది. మా టీంలో అయిదేళ్ల కిందటి కోడ్ ఎవరు రాశారో అడిగితే చెప్పేవాళ్లు లేరు. ఇక్కడ దాదాపు పద్నాలుగు వందల యాభై ఏళ్లుగా ఒక రాజు పేరు రాయి మీద నిలిచే ఉంది. అది చూశాక అనిపించింది, అబ్బ మాటలకు రాయి లేదు కదా, నా ఫోనే దిక్కు అని.

ఇప్పుడు నా దగ్గర పదకొండు గంటల ఆడియో ఉంది. ఆఫీసులో సుమోల జోక్ వేసినవాళ్లకు, మీరు టైప్ చేసే తెలుగు మొదట రాయికెక్కింది మా జిల్లాలోనే అని చెప్తున్నా. ఆ జూనియర్ అమ్మాయికి చెప్పడానికైతే లంచ్ బ్రేక్ సరిపోవడం లేదు. మీ ఇంట్లోనూ అబ్బో, తాతో, అవ్వో ఉంటే ఈ ఆదివారం ఒక గంట రికార్డ్ చేయండి. స్టోరేజ్ ఫుల్ అయితే రీల్స్ డిలీట్ చేయొచ్చు.

మొన్న రాత్రి అబ్బ ఫోన్ చేశాడు. గొంతులో హుషారు.

"ఒరేయ్, కంటి ఆపరేషన్ అయింది. ఇప్పుడు రెండు కండ్లూ బాగా కనపడ్తాండాయి. శ్రావణానికి ఎప్పుడొస్తాండావ్? గండికి పోదాం."

లీవ్ అయితే పెట్టా. ఈసారి మాత్రం అబ్బ పైకి చూస్తున్నంతసేపు ఆ చెయ్యి వదలను.