ఏ ఒడ్డున ఉండాలి?

పాలమూరు ఆడవాళ్లకు వలస కొత్త కాదు. ఎటు పోవాలో తాము తేల్చుకోవడమే కొత్త. మా ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి బొంబాయికో పూణేకో గుంపులు కదిలినప్పుడు చోటు నిర్ణయించింది మేస్త్రీ. అడ్వాన్సు తీసుకున్నది భర్త. వెనకాల మూట ఎత్తుకుని నడిచింది భార్య. మా చిన్నమ్మ కూడా అలా నడిచినామే. పెళ్లిలో మాత్రం ఏముంది, ఊరూ ఇల్లూ అవతలివాళ్లవే కదా.

అందుకే చిన్నమ్మ కూతురు ఫోన్ చేసి, "అక్కా, నేను యాడ ఉంటే మంచిదో జెర చెప్పరాదె" అన్నప్పుడు నాకు వెంటనే మాట రాలేదు. సాహిత్యంలో పీహెచ్‌డీ చేశాను. ఇల్లు విడిచి వెళ్లిన స్త్రీలు నేను చదివిన కథల్లో బోలెడుమంది. తీరిగ్గా కూర్చుని, ఏ ఊరైతే నయమని లెక్కలు వేసుకున్న స్త్రీ ఒక్కతీ గుర్తుకు రాలేదు.

ఆమె స్కూబా డైవర్. చిన్నప్పుడు చూసిన పెద్ద నీళ్లు జూరాల ఒక్కటే. విశాఖ రుషికొండలో మొదటిసారి సముద్రంలో మునిగింది. ఇప్పుడు డైవ్ మాస్టర్. నేర్పేవాళ్ల కోర్సుకు బంధువుల దగ్గర అప్పు చేసింది. ఈ అప్పుకూ మేస్త్రీ అడ్వాన్సుకూ తేడా ఎంతని నాకో అనుమానం, అది ఆమెతో అనలేదు. ఆమె ముందున్న చోట్లు మూడు: మాల్దీవులు, ఈజిప్టులో ఎర్ర సముద్రం ఒడ్డున దహబ్, థాయిలాండ్‌లో కో తావ్ దీవి.

పగడాల గురించి, చేపల గురించి చెబుతుందనుకున్నాను. ఆమె అడిగినవి వేరు. గదికి లోపల గొళ్లెం ఉంటదా? పడవల బాత్రూం ఉంటదా? పర్మిట్ ఎవరి చేతుల ఉంటది?

మాల్దీవుల్లో రిసార్టు తిండీ బసా ఇస్తుంది. కానీ సాధారణంగా దీవికి ఒకటే రిసార్టు. పని అక్కడే, పడక అక్కడే, ఫిర్యాదు వినాల్సిన మనిషీ ఆ యజమానే. ఉద్యోగ అనుమతి కూడా ఆయనతోనే ముడిపడి ఉంటుంది. గల్ఫ్‌లో ఇంటిపనికి పోయిన మన ఆడవాళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. 1983 వలస చట్టం కింద, పదో తరగతి పాసు కానివాళ్లు గల్ఫ్‌తో సహా కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. స్త్రీలకైతే 30 ఏళ్లు నిండాలనే నిబంధన కూడా పెట్టారు. రక్షణ కోసమేనట! తలుపు మూస్తే చాలామంది విజిట్ వీసా మీద దొడ్డిదారిన పోయారు. ఆ దేశాల జాబితాలో థాయిలాండ్ కూడా ఉంది. మా చెల్లెలిని ఆ గీత దాటించింది ఆమె డిగ్రీ.

ధైర్యం చెబుదామని కొరియాలోని జెజు దీవి హేన్యోల గురించి చెప్పాను. సిలిండరు లేకుండా ఊపిరి బిగబట్టి మునిగి నత్తలూ నాచూ ఏరే ఆడవాళ్లు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే సీజనుకు జపాన్‌కూ, వ్లాదివోస్తోక్ దాకానూ పనికి వెళ్లారు. 1932లో, జపాన్ పాలన కింద సహకార సంఘం తమ సరుకుకు సరైన ధర ఇవ్వకుండా దోచుకుంటుంటే వేలమంది రోడ్డెక్కారు. 2016లో యునెస్కో వాళ్ల సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది.

అంతా విని, "వాళ్లు గుంపుగ పోయిన్రక్కా, నేనొక్కదాన్నే" అంది.

ఆ ఒక్క మాటతోనే కో తావ్ వైపు మొగ్గింది. అక్కడ చాలామందికి నెల జీతం ఉండదు, నేర్పిన మనిషికి ఇంత అని లెక్క. అయినా చిన్న దీవిలో పదుల కొద్దీ డైవింగ్ షాపులు. నేర్పే ఆడవాళ్లు కూడా కనిపిస్తారు. "ఒక షాపోడు మంచిగ లేకుంటే పక్క షాపుకు పోవచ్చు" అంది. దహబ్ మాట మళ్లీ రాలేదు.

చిన్నమ్మ అడిగింది ఒక్కటే: "నాకేమన్న అయితే ఎంత సేపట్ల వస్తవ్?"

పిల్ల దాచకుండా చెప్పింది. నీళ్లలో లోతుకు దిగితే ఒంట్లోకి నైట్రోజన్ చేరుతుంది. అది పోకముందే విమానం ఎక్కితే ప్రమాదం. వరసగా డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. పైగా ఆ దీవిలో విమానాశ్రయం లేదు, ముందు పడవ ఎక్కాలి.

చిన్నమ్మ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. "మా అమ్మ సచ్చిపోయినప్పుడు నేను బొంబాయిల ఉంటి. కబురందేసరికే మూడు దినాలాయె" అంది. తర్వాత, గది కిరాయి ఎంతని అడిగింది.